నల్లని గేదె, నల్లబడిన ఫోటో: ఒక కేస్ స్టడీ

విజయవాడలో పెళ్ళి ఫోటోల స్టూడియో నడుపుతున్న నేను, కొత్తగా కెమెరా పట్టినవారు ఆదివారం సాయంత్రాలు తెచ్చే ఫోటోలు చూసి లోటుపాట్లు చెబుతుంటాను. అలా వచ్చినవాటిలో ఒక గేదె ఫోటో గురించి ప్రత్యేకంగా రాసి పెట్టుకోవాలనిపించింది. కారణం, వెలుతురు విషయంలో నేను చెప్పిన మొదటి రెండు సలహాలూ తప్పాయి. అవి ఎందుకు తప్పాయో నాకు బోధపడటానికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఫోటో తీసిన అమ్మాయి అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, ఇంటి వివరాలు వదిలేశాను. గుంటూరుకు దగ్గరలోని ఒక డెల్టా గ్రామం అనుకుంటే చాలు.

నేపథ్యం

ఆమె డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఇంట్లో నాలుగు పాడి గేదెలున్నాయి, వాటి మంచిచెడ్డలన్నీ నాయనమ్మవే. నాలుగింటిలో పెద్దది ఆరు ఈతలు ఈనిన గేదె. దాని ఫోటో ఒకటి పన్నెండు అంగుళాలకు పద్దెనిమిది అంగుళాల సైజులో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాలని ఆమె కోరిక. కెమెరా సెకండ్ హ్యాండ్‌లో కొన్న మామూలు డీఎస్ఎల్ఆర్, దానితో వచ్చిన 18-55 లెన్సు, అంటే 18 నుంచి 55 ఎంఎం దాకా జూమ్ అయ్యేది. తర్వాత స్నేహితురాలి దగ్గర ఎరువు తెచ్చుకున్న 50 ఎంఎం లెన్సు.

గేదె గ్రేడెడ్ ముర్రా. ముర్రా జాతి పుట్టిల్లు హర్యానా ప్రాంతమైనా, మన కోస్తా జిల్లాల్లో నాటు గేదెలను ఆ జాతితో తరతరాలుగా సంకరం చేస్తూ రావడం వల్ల పాలకేంద్రం దగ్గర కనిపించే గేదెల్లో చాలావాటికి ఆ పోలికలే వచ్చాయి. ఆ జాతిని రైతు రెండు గుర్తులతో పోల్చుకుంటాడు: ఒకటి కాటుక నలుపు ఒళ్ళు, రెండోది తలను ఆనుకుని బిగుతుగా మెలి తిరిగిన కొమ్ములు. ఈ అమ్మాయి తెచ్చిన ఫోటోలో ఆ రెండూ లేవు. నేను మొదట గమనించవలసింది అదే కానీ, గమనించలేదు.

తెచ్చిన ఫోటో

కనుమ రోజున, ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో తీసింది. గేదెను కడిగి, కొమ్ములకు ఎర్ర రంగు వేసి, మెడలో బంతిపూల దండ వేశారు. అమ్మాయి దానికి నాలుగడుగుల దూరంలో నిలబడి, లెన్సును అన్నిటికంటే విశాలంగా చూసే 18 ఎంఎం దగ్గర పెట్టి, తన కంటి ఎత్తు నుంచి కిందికి చూస్తూ తీసింది. అంత దగ్గర నుంచి తీయడంతో గేదె మూతి కుండంత, వెనుక ఒళ్ళు దూడంత అయ్యాయి. గిట్టల దగ్గర ఫ్రేము తెగింది. కొమ్ములు వెనుకనున్న గొడ్ల చావిడి నీడలో కలిసిపోయాయి. వీపు మీద ఎండ తెల్లటి మచ్చలుగా పేలింది. ముఖం మాత్రం మసి పూసినట్టు ఉంది, కన్ను ఎక్కడుందో వెతుక్కోవాలి. వీటన్నిటికీ తోడు వెనుక ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, దండెం మీద ఆరేసిన లుంగీ.

ఆమె అడిగింది ఒక్క ప్రశ్న: "సార్, వెలుతురు ఇంకా పెంచాల్సిందా?" అంతకుముందు ఫోటో చూసినవాళ్ళందరూ అదే చెప్పారట. ఫోన్‌లోని ఎడిటింగ్ యాప్‌లో నీడలను పైకి లేపి ఆ సలహాను పాటించి కూడా చూసింది. ఫోటోను కుదించి దాచే జేపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు చీకటి నుంచి వెలుగు దాకా ఉండేవి 256 మెట్లు. అడుగున నలుపులో పడిపోయిన వివరానికి అందులో దక్కేది గుప్పెడు మెట్లే. వాటిని సాగదీసేసరికి నలుపు పోయి, గేదె ఒంటి నిండా బూడిద పూసినట్టయింది, ఆ బూడిదలో ఎరుపు పచ్చ చుక్కలు తేలాయి.

కూర్పు గురించి చెప్పింది

ఫోటోలో ఎనిమిది తప్పులు కనిపించినప్పుడు ఎనిమిదీ ఒకేసారి చెబితే, విన్నవారు ఇంటికి వెళ్ళేలోపు అన్నీ మరిచిపోతారు, లేదా కెమెరా పక్కన పడేస్తారు. అందుకని, ఆమె స్వయంగా చూడగలిగినవి ముందు ఆమెతోనే చెప్పించాలనుకున్నాను. ఫోటోను కంప్యూటర్ తెరపై తపాలా బిళ్ళంత చేసి, మొదట ఏది కనబడుతోందో చెప్పమన్నాను. ఒక్క క్షణం చూసి, "నీలం డ్రమ్మండీ," అని నవ్వేసింది. రెండోది లుంగీ, మూడోది బంతిపూల దండ. గేదె నాలుగో స్థానంలో వచ్చింది.

"ఈ గేదెలో నీకు నచ్చేది ఏమిటి?" అన్నది నా తర్వాతి ప్రశ్న. కుడితి బకెట్టు చప్పుడు వినపడగానే తల తిప్పి, చెవులు ముందుకు నిక్కించి చూసే చూపు అని చెప్పింది. నిజానికి ఫ్రేము ఆ జవాబులోనే తేలిపోయింది. మొత్తం గేదె అక్కరలేదు. తల, మెడ, భుజం చాలు. కెమెరా దాని కంటి ఎత్తుకు రావాలి, అంటే ముక్కాలి పీట మీద కూర్చోవాలి. నాలుగడుగుల దూరం పదడుగులు కావాలి, జూమ్ 55కు వెళ్ళాలి. మూతి ఉబ్బడం లెన్సు దోషం కాదు, దగ్గరితనపు దోషం. గేదె చూస్తున్న వైపు కాస్త ఖాళీ వదలాలి.

మరుసటి ఆదివారానికి ఇవన్నీ సరిదిద్దుకుని వచ్చింది. కూర్పు చాలామటుకు కుదిరింది. ముఖం మాత్రం ఇంకా మసిముద్దే.

వెలుతురు గురించి చెప్పి తప్పినవి

ఆ రోజు నేను చేసిన పొరపాటు ఏమిటంటే, నలుగురూ చెప్పినదే కాస్త శాస్త్రీయంగా చెప్పడం. ముఖానికి వెలుతురు చాలలేదు కాబట్టి ముఖం మీదికి వెలుతురు కొట్టించాలని, నాలుగడుగుల తెల్ల థర్మోకోల్ షీటు ఒకటి తీసుకుని తమ్ముడి చేత గేదె ముందు పట్టించమని చెప్పాను. పెళ్ళికూతురి ముఖానికి నేను రోజూ చేసే పని అదే గనుక రెండో ఆలోచన లేకుండా చెప్పేశాను.

గేదె ఆ షీటును చూసి బుసకొట్టి, వెనక్కి లాగి, పలుపు తెంచుకున్నంత పని చేసింది. పశువుల కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, అందువల్ల చుట్టూ చాలా మేర చూడగలిగినా ముక్కుకు మరీ ఎదురుగా, దగ్గరగా ఉన్నది వాటికి సరిగా కనబడదు. అలాంటి చోట గాలికి ఊగే తెల్లని పలక పెట్టించాను. ఇది ఉదయం పాలు పితకడానికి ముందు జరిగింది. ఆ పూట గేదె సరిగా చేపలేదు. బెదిరిన పశువు ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే, పాలను కిందికి దించే ఆక్సిటోసిన్ పని సాగదు. నాయనమ్మకు ఆ పేర్లు తెలియకపోయినా ఆ సంగతి నాకంటే ముందే తెలుసు. ఇకపై పాలు తీయకముందు చావిడి దరిదాపులకు కెమెరా రాకూడదని కట్టడి చేసింది.

గేదె బెదరడమే ఆ సలహా విఫలం కావడానికి కారణమైతే, రెండు రోజులు షీటును అక్కడే వదిలి అలవాటు చేయించవచ్చు. కానీ గేదె కదలకుండా ఉన్న రెండు మూడు ఫ్రేములలో కూడా ముఖం మెరుగుపడలేదు. షీటు ఉన్నది నీడలో. దాని మీద పడే వెలుతురే లేనప్పుడు అది తిప్పి పంపేది ఏముంటుంది? చావిడి ఎటు తిరిగి ఉందో, ఎండ ఎటు నుంచి వస్తుందో ఒక్క మాట అడగకుండా విజయవాడలో కూర్చుని సలహా ఇచ్చిన ఫలితమిది.

రెండో సలహా ఇంకా అన్యాయం. కెమెరాలోని ఫ్లాష్‌ను తక్కువ శక్తితో వాడమన్నాను. తడి ముక్కు మీద తెల్ల చుక్క ఒకటి, నుదుటి మీద ఒకటి, మిగతాదంతా మునుపటి నలుపే. పైగా కన్ను ఆకుపచ్చగా వెలిగింది. పశువుల కంట్లో రెటీనా వెనుక కాంతిని తిప్పికొట్టే పొర ఉంటుంది. లెన్సుకు దాదాపు ఆనుకుని ఉన్న ఫ్లాష్ వెలుగు ఆ పొరకు తగిలి నేరుగా కెమెరాలోకే తిరిగి వచ్చింది. నాయనమ్మ ఆ ఫోటో చూసి "ఇదేం మా గేదె కాదు" అన్నదట.

పూలజడ దగ్గర దొరికిన తీగ

అదే వారం ఒక పెళ్ళిలో పూలజడ ఫోటో తీస్తున్నాను. పెళ్ళికూతురిని కిటికీ పక్కన, నాకు వీపు పెట్టి నిలబెట్టాను. పూలకు, జుట్టుకు పక్కవాటుగా వెలుతురు తగిలేలా భుజం పట్టి కొద్దికొద్దిగా తిప్పుతూ, పాపిడి పక్కన నూనె రాసిన జుట్టు మీద పట్టు జరీలా ఒక మెరుపు గీత లేచే చోట ఆపాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే. నల్లని జుట్టు కోసం ఏనాడూ వెలుతురు పెంచలేదు, మనిషిని తిప్పాను. గేదె దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి ఎందుకు తట్టలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే.

తెల్లని వస్తువు తన మీద పడిన వెలుతురును అన్ని వైపులకూ వెదజల్లుతుంది, అందుకే వెలుతురు ఎటునుంచి వచ్చినా కనబడుతుంది, దాని ఆకారాన్ని నీడలు చెబుతాయి. నునుపైన నల్లని వస్తువు పడిన వెలుతురులో చాలా భాగాన్ని మింగేస్తుంది. మిగిలిన కొద్దిపాటిని అద్దంలా ఒకే వైపుకు విసురుతుంది. దాని ఆకారాన్ని చెప్పేది ఆ మెరుపు ఒక్కటే. వెలుతురు ఎంత అన్నదానికంటే అది ఎటునుంచి తగిలి ఎటు వెళ్తోంది, ఆ వెళ్ళే దారిలో కెమెరా ఉందా లేదా అన్నదే ముఖ్యం. వెలుగు మూలం చిన్నదైతే మెరుపు చుక్కలా ఉంటుంది: పదకొండు గంటల సూర్యుడూ, ఫ్లాషూ అంతే. మూలం విశాలమైతే మెరుపు పరుచుకుంటుంది, ఎముక ఒంపు, చర్మపు మడత, కంటి కింద ముడత వరుసగా పైకి వస్తాయి. అంటే మాకు కావలసింది గేదెకు ఒక పెద్ద కిటికీ.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తట్టింది. గేదెకు వెంట్రుకలు పలుచన, చర్మం నునుపు. కానీ బురద ఎండి పొడి దుమ్ము అంటుకుంటే ఆ నునుపు పోయి, చర్మం సిమెంటు గచ్చులా మొద్దుబారుతుంది. షీటు ముందు తీసిన ఫోటోలలో గేదె ఒంటి మీద నిన్నటి బురద ఉంది.

ఆ ఇంటి దొడ్డిలో

ఈసారి నేనే వెళ్ళాను. ఫిబ్రవరి మొదటి వారం, తెల్లవారుజామున వారధి దాటుతుంటే కృష్ణ మీద మంచు తెరలుగా ఉంది. ఆ రోజుల్లో మన దగ్గర సూర్యోదయం ఆరూ నలభై అయిదు అటూ ఇటూగా ఉంటుంది. నేను చేరేటప్పటికి పాలు తీయడం అయిపోయింది. కెమెరా బయటికి తీయకుండా ఇరవై నిమిషాలు దొడ్డిలో ఊరికే తిరిగాను.

దొడ్డికి తూర్పున డాబా ఇల్లు. చలికాలం గనుక సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా ఆగ్నేయం వైపు జరిగి పొడుస్తాడు. దాంతో డాబా నీడ వాయవ్యం వైపు వాలి, దొడ్డిలో చాలా భాగాన్ని కప్పేస్తుంది. నైరుతి మూల మాత్రం నీడకు చిక్కదు. ఆ మూలలో కొత్తగా వేసిన వరిగడ్డి వామి ఉంది. ఆరూ యాభై అయ్యేసరికి ఎండ దాని మీద పడి, మనిషికి రెండింతల ఎత్తున, ఎడ్లబండి పొడవున ఒక బంగారు గోడ లేచింది. నేను థర్మోకోల్‌తో చేయబోయిన పని అది ఏ హడావుడీ లేకుండా, గేదెకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన రూపంలో చేస్తోంది.

మిగిలినవి దాని చుట్టూ అమర్చుకోవడమే. గేదెను డాబా నీడలోని కట్టుకొయ్యకు కట్టి, ముఖం వామి వైపు, అంటే నైరుతికి ఉండేలా నిలబెట్టాం. కెమెరాతో అమ్మాయి దానికి అడ్డంగా, ఆగ్నేయం వైపు పీట మీద కూర్చుంది. వామి నుంచి వచ్చిన వెలుతురు ముఖానికి పక్కవాటుగా తగిలి జారి లెన్సు వైపు వచ్చే కోణం కోసం, నా పూలజడ పద్ధతిలోనే, ఆమెను అడుగు అటూ అడుగు ఇటూ జరిపించాను. వెనుక వచ్చింది వాయవ్యపు ప్రహరీ గోడ. పాతబడిన సున్నం, అదీ నీడలోనే ఉంది. గేదె నలుపు కంటే బాగా లేత, కన్ను లాగేసేంత తెలుపు కాదు. నల్లని కొమ్ముల మెలిక చూపించడానికి అలాంటి వెనకతలమే కావాలి. డ్రమ్ము, దండెం ఆ దిక్కున లేవు గనుక ఏదీ సర్దే పని పడలేదు.

నాయనమ్మ బోరింగు నీళ్ళతో గేదెను కడిగి, గోనెపట్టాతో తుడిచి, కొమ్ములకు చేత్తో నూనె రాసింది. కనుమ నాటి ఎర్ర రంగు కొమ్ముల మొదట్లో ఇంకా పిసరంత మిగిలి ఉంది. గీకేయనా అని అడిగితే ఉండనివ్వమన్నాను.

సెట్టింగుల దగ్గర మళ్ళీ కొంత ఆగవలసి వచ్చింది. ఎక్స్‌పోజర్ కొలిచే మీటరు తన ముందున్నది ఏదైనా మధ్యస్థపు బూడిద రంగు అనుకుని లెక్క కడుతుంది. ఫ్రేములో సగం గేదె ఉంటే, చీకటిగా ఉందని భ్రమపడి వెలుతురు పెంచుతుంది. నలుపు బూడిదవుతుంది, గోడ పాలిపోతుంది. అందువల్ల "ఫోటో నల్లగా వచ్చింది, వెలుతురు పెంచు" అన్న సలహాకు సరిగ్గా వ్యతిరేకంగా, మేము మీటరు లెక్కను మన ఇష్టానికి పెంచి తగ్గించే కాంపెన్సేషన్‌ను కిందికి దించాం. సున్నా, మైనస్ 0.7, మైనస్ 1.3 దగ్గర ఒక్కో ఫోటో తీసి చూస్తే మైనస్ 0.7 దగ్గర నలుపు నలుపుగా నిలిచి, గోడ గోడలా ఉంది. ఈసారి కెమెరా పట్టిన వివరమంతా అలాగే ఉంచే రా ఫైలులో తీయించాను. వెలుగు రంగును సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలితే కెమెరా గడ్డి పసుపును దోషమనుకుని సరిచేస్తుంది. డేలైట్ దగ్గర స్థిరంగా పెట్టించాను.

అమ్మాయి 50 ఎంఎం లెన్సును ఎఫ్ 1.8 దగ్గర, అంటే లెన్సు రంధ్రం (అపర్చరు) బాగా తెరిచి, వాడాలని ఉబలాటపడింది. ఈ కెమెరాలో రెండు మీటర్ల దూరం నుంచి ఆ అపర్చరు దగ్గర స్పష్టంగా వచ్చే లోతు సుమారు 11 సెంటీమీటర్లు. ఈ గేదె కంటి నుంచి ముక్కు కొన వరకు ఉన్న దూరం అంతకు మూడింతలకు తక్కువ ఉండదు. అది కొంచెం మా వైపు తిరిగినా ఒకటి దక్కితే రెండోది మసకే. మూడు మీటర్లకు జరిగి ఎఫ్ 5.6 పెట్టి రంధ్రం చిన్నది చేస్తే ఆ లోతు ముప్పావు మీటరు దాకా వస్తుంది. షట్టరు సెకనులో 1/250వ వంతు, చెవి విదిలింపు మసకబారకుండా. దాంతో ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురును పట్టే సున్నితత్వం, 800కు పెరిగింది. దానివల్ల ఫోటోలో చుక్కచుక్కల గరుకు కనబడుతుందేమోనని ఆమె భయపడింది కానీ, నలుపును తర్వాత ఎడిటింగ్‌లో లాగే పని లేనప్పుడు 800 పెద్ద సమస్య కాదు.

ఆ తర్వాత పది నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. గేదె నెమరు వేస్తూ నిలబడింది, తల వాల్చి, చెవులు వేలాడేసి. ముఖం మీద వెలుతురు అద్భుతంగా ఉంది, ఫోటో మాత్రం లేదు. అప్పుడు వామి పక్కగా వచ్చిన నాయనమ్మ, మేము చెప్పకుండానే, కుడితి బకెట్టు కాడను ఒక్కసారి టంగుమనిపించింది. నెమరు ఆగింది. తల లేచింది, చెవులు ముందుకు నిక్కాయి, వామి వెలుగు కంట్లో చిన్న బంగారు కిటికీలా నిలిచింది. అమ్మాయి వరుసగా ఏడు ఫ్రేములు తీసింది. మూడోది మేము ఎంచుకున్నది. అందులో నుదురు, చెంప ఎముక, దవడ వెంట పసిమి మెరుపు, మెడ మీదా వీపు మీదా ఆకాశపు నీలి ఛాయ. నల్లని ఒళ్ళు తన చుట్టూ ఉన్న రంగులు రెండింటినీ చెరో పక్క అద్దుకుంది. ఏడూ ఇరవైకి డాబా నీడ తగ్గి, ఎండ నేరుగా గేదె వీపు మీదికి వచ్చేసింది. అంతటితో ఆపేశాం.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఎవరు ఫోటో తెచ్చినా, వెలుతురు గురించి మాట్లాడే ముందు ఆ చోటు చిత్రం కాగితం మీద గీయించుకుంటాను: దిక్కులు, గోడలు, చెట్లు, ఏ వేళకు నీడ ఎటు. జంతువుల ఫోటో అయితే, దాన్ని రోజూ చూసుకునేవారి దినచర్య కూడా అడుగుతాను. పాలు, మేత, కడుగుడు వేళలు తెలియకుండా ఫోటో వేళ నిర్ణయించడం కుదరదు. ఈ కేసులో మంచి ఫోటోకు అసలు కారణం కుడితి బకెట్టని ఆ అమ్మాయి మొదటి వారంలోనే నాతో చెప్పింది; నేను దాన్ని ఫ్రేము నిర్ణయించడానికి వాడుకున్నానే గాని, ఆ బకెట్టును ఎవరైనా మోగించాలన్నది నాకు తోచలేదు.

"వెలుతురు తక్కువైంది" అనే మాటను నా దగ్గరికి వచ్చేవారికి చెప్పడం దాదాపు మానేశాను. తక్కువైంది నల్లని వస్తువు మీద మెరుపా, కంటిలో చుక్కా, వెనకతలంతో తేడానా అని విడదీసి చెబుతున్నాను. ఈ మూడింటికీ మందు వేరు వేరు.

ప్రింటు దగ్గర ఒక చిన్న తడబాటు మిగిలింది. ల్యాబులో వేయించిన మొదటి కాపీలో దవడ కింది వివరం పూర్తిగా మునిగిపోయింది. తప్పు ల్యాబుది కాదు. నా తెర వెలుగు మరీ ఎక్కువగా పెట్టి ఉండటంతో లేని వివరం ఉన్నట్టు కనబడింది. తెర తగ్గించి, నీడలను కాస్త లేపి, నలుపు లోతు బాగా పలకని మ్యాట్ కాగితానికి బదులు కొద్దిపాటి మెరుపుండే లస్టర్ కాగితం మీద రెండోసారి వేయించాం.

ఆ రెండో ప్రింటుకు ముందు అమ్మాయి ఇంకొకటి అడిగింది, మెడకు ఉన్న పలుపును ఎడిటింగ్‌లో తీసేద్దామా అని. పాత కొబ్బరి పీచు తాడు, ముడి దగ్గర చివికి ఉంది. నేను వద్దన్నాను. మెడ నలుపులో వెలుతురు పట్టిన ఒకే ఒక గరుకు వస్తువు అది, మెడ ఒంపు ఎంతో కంటికి అందేది దాని చుట్టు వల్లనే. నా కారణాన్ని ఆమె నాయనమ్మకు చెప్పిందట. "పలుపు లేకపోతే తప్పిపోయిన గొడ్డు అనుకోరూ," అని ఆవిడ తన కారణం చెప్పింది. పలుపుతోనే ప్రింటు వేయించాం.